డాష్‌బోర్డు తెరిచిన ప్రతిసారీ మీటరు తిరుగుతుంది: బిగ్‌క్వెరీ, లుకర్ స్టూడియో బిల్లు లెక్క

పెన్నేటిగట్టు
అమ్మకాల పట్టిక ఒకటుంది. మూడేళ్ల బిల్లులు, 60 దుకాణాలు, 40 కాలమ్‌లు, మొత్తం సుమారు 400 జీబీ. ఉన్నది గూగుల్ డేటా గిడ్డంగి బిగ్‌క్వెరీలో, ఆన్-డిమాండ్ (వాడినంతకే బిల్లు) పద్ధతి. దాని మీద గూగుల్ డాష్‌బోర్డుల పనిముట్టు లుకర్ స్టూడియోలో ఒకే పేజీ, 12 చార్టులు. పైన తేదీ, దుకాణం, సరుకు రకం ఫిల్టర్లు. చూసేవాళ్లు 25 మంది. లుకర్ స్టూడియోకి డబ్బు కట్టక్కర్లేదు కదా, మరి నెల బిల్లు ఎంతవుతుందో ముందుగా ఎలా తేల్చాలి? మనుషుల లెక్కా, చార్టుల లెక్కా, తెర మీద కనిపించే వరుసల లెక్కా?

లెక్కలపుస్తకం
మూడూ కాదండి. జవాబు తేవడానికి బిగ్‌క్వెరీ ఎన్ని బైట్లు చదివిందో దాని లెక్క. అమెరికా ప్రాంతపు ధర టీబీకి 6.25 డాలర్లు, ఇక్కడ టీబీ అంటే 1,024 జీబీ. నెలకు మొదటి 1 టీబీ ఉచితం. ముంబై, ఢిల్లీ ప్రాంతాల ధరలు వేరు. అంచనాకి కూర్చునే ముందు మీ ప్రాంతం ధర చూసుకోండి. నేను 6.25తోనే లెక్క వేస్తాను.

చార్టులు, మనుషులు నేరుగా బిల్లులోకి రారు గానీ క్వెరీల (పట్టికను అడిగే ప్రశ్నల) సంఖ్యను పెంచేది వాళ్లే. పేజీ తెరిస్తే ఒక్కో చార్టు కనీసం ఒక క్వెరీ పంపుతుంది. ఫిల్టరు మారిస్తే 12 చార్టులూ మళ్లీ పంపుతాయి.

బిగ్‌క్వెరీ కాలమ్‌ల వారీగా చదువుతుంది. ఒక్కో చార్టుకు 40లో నాలుగైదు కాలమ్‌లు చాలనుకుందాం, అవి 30 జీబీ అనుకుందాం. పేజీ ఒకసారి తెరిస్తే 12 × 30 = 360 జీబీ. ఒక్కొక్కరు రోజుకు ఒకసారి తెరిచి మూడుసార్లు ఫిల్టరు మారిస్తే 25 × 4 = 100 సార్లు. అంటే రోజుకు 36,000 జీబీ, సుమారు 35.2 టీబీ, దాదాపు 220 డాలర్లు. 26 పనిదినాలకు 5,700 డాలర్లు దాటుతుంది. ఇది పై హద్దు. క్యాష్ (దాచి ఉంచిన పాత ఫలితం) దొరికిన మేరకు తగ్గుతుంది. కానీ పార్టిషన్ లేని, అంటే తేదీ వారీ ముక్కలుగా విడగొట్టని పట్టిక మీద డాష్‌బోర్డు పెడితే లెక్క నడిచే తీరు ఇదే.

నల్లమల
దీనికి రెండు మాటలు చేర్చాలి.

క్వెరీ చివర లిమిట్ 100 (వంద వరుసలు చాలు) అని రాస్తే బిల్లు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. మామూలు పట్టిక మీద తగ్గదు. లిమిట్ వచ్చేసరికే కాలమ్ మొత్తం చదివేసి ఉంటుంది. క్లస్టరింగ్ (ఏదో కాలమ్ విలువల ప్రకారం వరుసలను దగ్గరగా పేర్చడం) ఉన్న పట్టికలో మాత్రం కొంత తగ్గొచ్చు. నాలుగు వరుసలు ఊరికే చూడాలంటే సెలెక్ట్ స్టార్ (అన్ని కాలమ్‌లూ తెమ్మనడం) కొట్టకండి, బిగ్‌క్వెరీ వెబ్ కన్సోల్‌లో ప్రివ్యూ ట్యాబ్ ఉంది, దానికి ఛార్జీ లేదు.

రెండోది, ఒక్కో క్వెరీకి అది ముట్టుకున్న ప్రతి పట్టికకూ కనీసం 10 ఎంబీ లెక్క కడతారు. 2 ఎంబీ చదివినా 10 ఎంబీయే. చిన్న పట్టికలు ఏడెనిమిదింటిని జాయిన్ చేసే (కలిపి చదివే) చార్టుల్లో ఇది కనిపిస్తుంది. డబ్బుగా చూస్తే చిన్నదే, కానీ లెక్క సరిపోలక తల పట్టుకునేది ఇక్కడే.

పెన్నేటిగట్టు
క్యాష్ దొరికిన మేరకు అన్నారు. ఎంత దొరుకుతుందని నమ్మొచ్చు?

ఓరుగల్లు37
క్యాష్ రెండు చోట్ల ఉంటుంది, రెండిటి నియమాలూ వేరు.

మొదటిది లుకర్ స్టూడియో దగ్గర. డేటా సోర్స్‌లో (రిపోర్టును పట్టికకు కలిపే చోట) డేటా ఫ్రెష్‌నెస్, అంటే దాచిన ఫలితాన్ని ఎంతసేపు వాడాలి అనే అమరిక చూడండి. బిగ్‌క్వెరీకి అది మామూలుగా 12 గంటలు. దాన్ని 1 నిమిషం దాకా దించొచ్చు, చాలా మంది దించుతారు కూడా. రాత్రికి ఒకసారి లోడయ్యే పట్టికకు 15 నిమిషాల ఫ్రెష్‌నెస్ ఎందుకు? అదే పాత అంకెను రోజంతా కొత్తగా కొంటున్నట్టు.

రెండోది బిగ్‌క్వెరీది. అదే క్వెరీ అక్షరం మారకుండా మళ్లీ వస్తే సుమారు 24 గంటల పాటు పాత ఫలితమే ఇస్తుంది, ఛార్జీ లేదు. ఇది దొరక్కుండా పోయే సందర్భాలు: మధ్యలో పట్టిక మారడం, పట్టికలోకి స్ట్రీమింగ్ (ఆగకుండా కొత్త వరుసలు రావడం) నడుస్తుండడం, క్వెరీలో కరెంట్ టైమ్‌స్టాంప్ లాంటి, ప్రతిసారీ విలువ మారే ఫంక్షన్ ఉండడం, ఒక స్పేస్ తేడా అయినా రావడం. ఇంకొకటి, ఆన్-డిమాండ్‌లో ఈ క్యాష్ ఒక్కో యూజరుకు విడివిడిగా ఉంటుంది. డేటా సోర్స్ ఓనర్స్ క్రెడెన్షియల్స్ (తయారుచేసినవారి అనుమతి) మీద ఉంటే 25 మందీ బిగ్‌క్వెరీకి ఒక్క మనిషిలాగే కనిపిస్తారు, ఒకరి క్వెరీ ఫలితం ఇంకొకరికి పనికొస్తుంది. వ్యూయర్స్ క్రెడెన్షియల్స్ (చూసేవారి అనుమతి) అయితే ఎవరి క్యాష్ వారిది. ఎవరి దుకాణం వారికే కనిపించాలన్న భద్రత కోసం వ్యూయర్స్ పెట్టాల్సి వస్తే, ఆ ఖర్చు తెలిసి పెట్టండి.

ఫిల్టర్లతో ఒక్కొక్కరు ఒక్కో దుకాణం ఎంచుకునే చోట క్యాష్ మీద ఆశ పెట్టుకోవద్దు. 60 దుకాణాలు, 40 సరుకు రకాలు, నాలుగు తేదీ పరిధులు కలిస్తే ఒక్కో చార్టుకు 9,600 వేర్వేరు క్వెరీలు.

లెక్కలపుస్తకం
అందుకే అసలు మందు పట్టికలోనే ఉంది. బిల్లు తేదీ కాలమ్ మీద రోజువారీ పార్టిషన్ పెట్టండి, దుకాణం కోడ్ మీద క్లస్టరింగ్ చేయండి. మూడేళ్లంటే 1,095 పార్టిషన్లు. చూసేది గత 30 రోజులైతే చార్టుకు 30 జీబీ బదులు 0.82 జీబీ. పైన వేసిన 100 సార్ల లెక్కకే రోజుకు సుమారు 6 డాలర్లు, నెలకు 156. క్యాష్ ఊసే లేకుండా.

పార్టిషన్ పెట్టి వదిలేస్తే చాలదు, డాష్‌బోర్డు దాన్ని వాడుకోవాలి. లుకర్ స్టూడియోలో పట్టికను కలిపేటప్పుడు పార్టిషన్ కాలమ్‌ను తేదీ పరిధికి వాడమని టిక్ పెట్టే చోటు ఉంటుంది, అది మర్చిపోవద్దు. పట్టిక అమరికల్లో రిక్వైర్ పార్టిషన్ ఫిల్టర్ కూడా ఆన్ చేయండి. తేదీ షరతు లేని క్వెరీ వస్తే బిగ్‌క్వెరీ నడపకుండా ఎర్రర్ ఇస్తుంది, డబ్బు పడదు. చార్టు విరిగిపోయిందని ఫోన్లు వస్తాయి, రానివ్వండి. బిల్లు వచ్చాక తెలియడం కంటే అది మేలు.

మీటరురీడర్
ఇక్కడే ఒక లోతైన గుంట ఉంది. పట్టికను నేరుగా కాకుండా వ్యూ (పట్టికలా కనిపించే, దాచి ఉంచిన క్వెరీ) ద్వారా చూపిస్తారు. ఆ వ్యూలో ఒకే బిల్లు రెండుసార్లు వస్తే తీసేయడానికి రో నంబర్ ఫంక్షన్ పెడతారు: బిల్లు నంబరు వారీగా గుంపు కట్టి, చివరిగా వచ్చినది మాత్రం ఉంచడం. బయట చార్టు గత 30 రోజులు అని షరతు పెట్టినా అది వ్యూ లోపలికి దిగదు. కారణం సూటిగానే ఉంది. తేదీతో ముందే కత్తిరిస్తే ఏ వరుస చివరిదో మారిపోవచ్చు, జవాబు తప్పవుతుంది, కాబట్టి బిగ్‌క్వెరీ ఆ పని చేయదు. మూడేళ్లూ చదివి, నకళ్లు తీసేసి, ఆ తర్వాత 30 రోజులు ఏరుతుంది. పార్టిషన్ ఉన్నా లేనట్టే.

దారులు రెండు. నకళ్లు తీయడం రాత్రి లోడులోనే చేసి శుభ్రమైన పట్టిక రాసుకోవడం మంచిది. కుదరకపోతే రో నంబర్ గుంపులో బిల్లు తేదీని కూడా చేర్చండి. అప్పుడు తేదీ షరతు లోపలికి దిగుతుంది. ఒకే బిల్లు నంబరు రెండు తేదీల్లో రాదని ముందు నిర్ధారించుకున్నాకే ఈ రెండోది.

పార్టిషన్ పని చేయని మరో రెండు చోట్లు: తేదీ కాలమ్‌ను అక్షరాలుగా మార్చి పోల్చడం, షరతులో సబ్‌క్వెరీ (క్వెరీ లోపలి క్వెరీ) పెట్టడం. తాజా తేదీ కావాలని పట్టికలోని గరిష్ఠ తేదీని సబ్‌క్వెరీతో తెచ్చి పోల్చినా పార్టిషన్లు తగ్గవు. ఆ తేదీని ముందు వేరియబుల్‌లోకి తెచ్చుకుని తర్వాత వాడాలి.

పెన్నేటిగట్టు
మేం కస్టమ్ క్వెరీ (సొంతంగా రాసినది) వాడాలి, జాయిన్లు ఉన్నాయి. అందులో తేదీ పరిధి ఎలా అందుతుంది?

నల్లమల
కస్టమ్ క్వెరీ రాసే పెట్టె కింద తేదీ పరిధి పారామీటర్లను ఎనేబుల్ చేయండి. డీఎస్ స్టార్ట్ డేట్, డీఎస్ ఎండ్ డేట్ అని రెండు వస్తాయి. అవి తేదీలు కావు, సంవత్సరం నెల రోజు గీతల్లేకుండా కలిపి రాసిన అక్షరాలు, ఉదాహరణకు 20250401. పార్స్ డేట్ ఫంక్షన్‌తో వాటిని తేదీగా మార్చి పార్టిషన్ కాలమ్‌తో పోల్చండి. మార్చాల్సింది పారామీటరును, కాలమ్‌ను కాదు. తిరగేసి కాలమ్‌ను అక్షరాలుగా మారిస్తే మీటరురీడర్ గారు చెప్పిన గుంటలోనే పడతారు.

కస్టమ్ క్వెరీని కన్సోల్‌లో అతికించి, ఆ రెండు పారామీటర్ల చోట తేదీలు వేసి, నడపకుండా, పక్కన ఎంత చదువుతుందని చూపిస్తుందో చూడండి. తేదీ మార్చినప్పుడు ఆ అంకె కదలకపోతే పార్టిషన్ తగలడం లేదన్నమాట. దీనికి పైసా ఖర్చు లేదు. క్లస్టరింగ్ ఉన్న పట్టికకు ఆ అంకె గరిష్ఠం మాత్రమే, అసలు తక్కువ రావొచ్చు.

సాగరతీరం
పార్టిషన్ కంటే ముందు సారాంశపు పట్టిక గురించి ఆలోచించాలని నా అభిప్రాయం. 12 చార్టుల్లో ఒక్కటైనా బిల్లు నంబరు చూపిస్తోందా? లేదు కదా. అన్నీ రోజు, దుకాణం, సరుకు రకం వారీ మొత్తాలే. సరుకు రకాలు 40 అనుకుంటే 1,095 × 60 × 40 = 26,28,000 వరుసలు. తేదీ, దుకాణం, రకం, సంఖ్యలకు ఎనిమిదేసి బైట్లు, మొత్తం సొమ్ము న్యూమరిక్ (దశాంశాలను కచ్చితంగా ఉంచే రకం) కనుక 16. వరుసకు 48 బైట్లు. మూడేళ్ల పట్టిక అంతా కలిపి 126 మిలియన్ బైట్లు, సుమారు 120 ఎంబీ. ఎవరైనా మూడేళ్లూ ఎంచుకుని చూసినా చార్టుకు 120 ఎంబీ దాటదు.

రోజుకు 1,200 చార్టు క్వెరీలు, నెలకు 26 రోజులు. ప్రతిదీ మొత్తం పట్టిక చదివినా నెలకు సుమారు 3.6 టీబీ. ఉచిత టీబీ తీసేస్తే 16 డాలర్లు. 5,700 ఎక్కడ, 16 ఎక్కడ. బిల్లు వివరాలు కావాల్సిన ఒక్క పేజీని విడిగా పెట్టి అసలు పట్టికకు కలపండి, దానికి తేదీ పరిధి 7 రోజులకు మించనివ్వకండి.

ఒక జాగ్రత్త. కొన్న వాళ్ల సంఖ్య లాంటివి సారాంశంలో కూడితే తప్పు. నిన్న వచ్చిన కొనుగోలుదారే ఇవాళా వస్తే రెండుగా లెక్కపడతాడు. అలాంటి అంకెలకు బిగ్‌క్వెరీలో హెచ్ఎల్ఎల్ స్కెచ్‌లు (విడి మనుషుల్ని లెక్కించడానికి దాచుకునే చిన్న సారాంశాలు) ఉన్నాయి, రోజువారీ స్కెచ్ దాచుకుని తర్వాత కలపొచ్చు. ఉజ్జాయింపు అంకె వస్తుంది, ఆ మాట చార్టు కింద రాయండి.

ఓరుగల్లు37
ఫిల్టరు డ్రాప్‌డౌన్లు కూడా క్వెరీ పంపుతాయని ఇంకా ఎవరూ చెప్పలేదు. దుకాణాల పేర్లు చూపించడానికి అది పట్టికలో ఆ కాలమ్ మొత్తం చదివి విడి పేర్లు ఏరుతుంది. సారాంశపు పట్టిక మీద అయితే పట్టించుకోనక్కర్లేదు, అసలు పట్టిక మీద అయితే అదో పదమూడో చార్టు.

పెన్నేటిగట్టు
రాత్రి ఎవరో పొరపాటున పెద్ద క్వెరీ నడిపితే ఆగేలా గట్టి అడ్డు ఏదైనా ఉందా? బడ్జెట్ అలర్ట్ పెట్టాను.

మీటరురీడర్
బడ్జెట్ అలర్ట్ ఉత్తరం పంపుతుంది, క్వెరీని ఆపదు. అదీ ఖర్చు నమోదయ్యాక, కొన్ని గంటలు ఆలస్యంగా. ఆపేవి రెండే.

ఒకటి, మ్యాగ్జిమమ్ బైట్స్ బిల్డ్ (బిల్లు పడే బైట్ల గరిష్ఠ హద్దు). క్వెరీ అమరికల్లో 50 జీబీ అని పెడితే, అంచనా అంతకు మించిన క్వెరీ డబ్బు పడకుండా ఆగిపోతుంది. కన్సోల్‌లో, ప్రోగ్రాముల్లో వాడుకోండి. క్లస్టరింగ్ పట్టికల మీద అంచనా ఎక్కువగా చూపి, నిజానికి తక్కువ చదివే క్వెరీనీ ఇది ఆపేస్తుంది.

రెండు, ప్రాజెక్టు కోటా. గూగుల్ క్లౌడ్‌లో ఐఏఎం అండ్ అడ్మిన్ (అనుమతులు చూసే) విభాగంలో కోటాల పేజీకి వెళ్లి బిగ్‌క్వెరీ ఏపీఐలో రోజువారీ క్వెరీ వాడకం, ఒక్కో యూజరుకు రోజువారీ వాడకం అన్న రెండిటికీ హద్దు పెట్టండి. డాష్‌బోర్డు క్వెరీలకు వేరే ప్రాజెక్టు ఒకటి పెట్టి, డేటా సోర్స్‌లో బిల్లింగ్ ప్రాజెక్టుగా దాన్నే ఎంచుకుంటే డాష్‌బోర్డు హద్దు విశ్లేషకుల పనికి అడ్డురాదు.

గమనించాల్సిన సంగతి: ఓనర్స్ క్రెడెన్షియల్స్ ఉంటే 25 మంది వాడకమూ ఓనరు ఒక్కరి ఖాతాలోనే పడుతుంది. యూజరుకు రోజుకు 1 టీబీ అని పెట్టామనుకుంటే, నిజానికి అందరికీ కలిపి 1 టీబీ పెట్టినట్టు. ఓనరు ఉద్యోగం మారి ఖాతా తీసేస్తే డాష్‌బోర్డులూ ఆగిపోతాయి. అందుకని మనిషి ఖాతా బదులు సర్వీస్ అకౌంట్ (ప్రోగ్రాముల కోసం తెరిచే ఖాతా) పెట్టండి.

ఇంకొకటి, కోటా తిరిగి మొదలయ్యేది పసిఫిక్ కాలమానం ప్రకారం అర్ధరాత్రి. మన గడియారంలో అది అక్కడి వేసవి వేళల్లో మధ్యాహ్నం 12:30, చలికాలంలో 1:30. హైదరాబాదులో ఉదయం పదకొండుకి కోటా అయిపోతే భోజనం వేళ దాకా చార్టులు రావు. ఆ రోజు సాయంత్రం వాడకం, మర్నాడు ఉదయం వాడకం కలిసి ఒకే కోటా కిందికి వస్తాయని గుర్తుపెట్టుకుని హద్దు వేయండి. కోటా పైసలకు సరిగ్గా ఆగదు, కొంచెం అటూ ఇటూ అవుతుంది.

లెక్కలపుస్తకం
ఏ రిపోర్టు ఎంత తింటోందో చూసే పద్ధతి కూడా రాస్తాను. బిగ్‌క్వెరీ తన వివరాలు దాచుకునే ఇన్ఫర్మేషన్ స్కీమాలో జాబ్స్ (నడిచిన క్వెరీల చిట్టా) అనే వ్యూ ఉంది, 180 రోజుల చరిత్ర ఉంచుతుంది. అది ప్రాంతాల వారీ, ముంబై డేటా అయితే ఏషియా-సౌత్1 ప్రాంతం పేరుతో పిలవాలి. టోటల్ బైట్స్ బిల్డ్ (బిల్లు పడిన బైట్లు) కాలమ్‌ను 1,024తో నాలుగుసార్లు భాగించి ధరతో గుణించండి. లుకర్ స్టూడియో పంపిన క్వెరీలకు లేబుల్స్ కాలమ్‌లో రిక్వెస్టర్ అని, రిపోర్టు ఐడీ, డేటా సోర్స్ ఐడీ అని గుర్తులుంటాయి. రిపోర్టు ఐడీ వారీగా కూడితే దోషి దొరుకుతుంది. ఆ ఐడీ రిపోర్టు వెబ్ చిరునామాలోనే ఉంటుంది.

మూడు పొరపాట్లు జరుగుతాయి. టోటల్ బైట్స్ ప్రాసెస్డ్‌ను (చదివిన బైట్లను) కూడడం ఒకటి, 10 ఎంబీ కనీసం వంటివి కలిసేది బిల్డ్‌లోనే. స్క్రిప్టు (వరుసగా నడిచే పలు క్వెరీలు) నడిపినప్పుడు తల్లి జాబు, పిల్ల జాబులు రెండూ కనిపిస్తాయి, స్టేట్‌మెంట్ టైప్ స్క్రిప్ట్ అన్నవి తీసేయకపోతే రెండింతలు వస్తుంది. క్రియేషన్ టైమ్ మీద షరతు పెట్టకపోవడం మూడోది, ఈ వ్యూ చదవడానికీ మీటరు తిరుగుతుంది.

పెన్నేటిగట్టు
ఈ గొడవంతా లేకుండా స్లాట్లు (బిగ్‌క్వెరీ కంప్యూటర్ శక్తి యూనిట్లు) కొనుక్కుంటే?

సాగరతీరం
మీ సైజుకి వద్దంటాను. స్లాట్లు కొనే ఎడిషన్స్ పద్ధతిలో బైట్లు కాదు, స్లాట్-గంటల లెక్క. అందులో స్టాండర్డ్ రకానికి అమెరికా ధర స్లాట్-గంటకు 0.04 డాలర్లు. ఆటోస్కేలింగ్ (అవసరాన్ని బట్టి స్లాట్లు పెంచడం) 50 స్లాట్ల మెట్లలో పెరుగుతుంది, పెరిగాక కనీసం ఒక నిమిషం లెక్క కడుతుంది. చార్టు రెండు సెకన్లలో వచ్చినా 50 స్లాట్లు ఒక నిమిషం. రోజంతా ఎవరో ఒకరు నొక్కుతూనే ఉండి సగటున 100 స్లాట్లు పది గంటలు నడిస్తే 1,000 స్లాట్-గంటలు, రోజుకు 40 డాలర్లు. పార్టిషన్ పెట్టాక మీ ఆన్-డిమాండ్ ఖర్చు 6. పట్టికలు చక్కబెట్టిన తర్వాత కూడా నెలనెలా వందల టీబీ చదువుతుంటే అప్పుడు స్లాట్ల మాట.

నల్లమల
బిగ్‌క్వెరీ లాంటి మరో డేటా గిడ్డంగి స్నోఫ్లేక్ వాడేవాళ్ల కోసం ఒక మాట. అక్కడ బైట్లు కాదు, వేర్‌హౌస్ (క్వెరీలు నడిపే యంత్రాల గుంపు) మేలుకుని ఉన్న సమయం. ఎక్స్-స్మాల్ సైజుకు గంటకు 1 క్రెడిట్ (స్నోఫ్లేక్ బిల్లు యూనిట్), స్మాల్‌కు 2, మీడియంకు 4, ఇలా రెట్టింపవుతుంది. సెకన్ల లెక్కే, కానీ మేలుకున్న ప్రతిసారీ కనీసం 60 సెకన్లు. డాష్‌బోర్డు ఐదు నిమిషాలకోసారి తనంతట తాను రిఫ్రెష్ అవుతూ, ఆటో సస్పెండ్ (పని లేకపోతే నిద్రపోయే గడువు) 10 నిమిషాలుంటే ఆ వేర్‌హౌస్ ఎప్పటికీ నిద్రపోదు. ఎక్స్-స్మాల్‌కే రోజుకు 24 క్రెడిట్లు. ఆటో సస్పెండ్ 60 సెకన్లు చేస్తే, రోజుకు 288 మేల్కొలుపులు, ఒక్కోటి 65 నుంచి 90 సెకన్లు, మొత్తం 5 నుంచి 7 క్రెడిట్లు. రాత్రి రిఫ్రెష్ ఆపేస్తే ఇంకా తక్కువ. పట్టిక మారకపోతే పాత ఫలితం 24 గంటల పాటు వేర్‌హౌస్ లేకుండానే వస్తుంది.

అక్కడి రిసోర్స్ మానిటర్ (క్రెడిట్ల హద్దు కాసేది) బడ్జెట్ అలర్ట్ లాంటిది కాదు, వేర్‌హౌస్‌ను నిజంగా ఆపగలదు. సర్వర్‌లెస్ (మన వేర్‌హౌస్ లేకుండా నడిచే) సేవలను మాత్రం ఆపదు.

సాగరతీరం
మైక్రోసాఫ్ట్ డాష్‌బోర్డుల పనిముట్టు పవర్ బీఐని బిగ్‌క్వెరీకి కలిపేవాళ్లు డైరెక్ట్‌క్వెరీ (ప్రతిసారీ నేరుగా పట్టికను అడిగే పద్ధతి) జోలికి ఆలోచించి వెళ్లాలి. ఒక్కో విజువల్ (చార్టు) ఒక్కో క్వెరీ, ఒక బార్ మీద నొక్కితే పక్క విజువల్స్ అన్నీ మళ్లీ క్వెరీ పంపుతాయి. ఆప్షన్స్‌లో క్వెరీ రిడక్షన్ దగ్గర స్లైసర్లకు (తెర మీది ఫిల్టర్లకు) అప్లై బటన్ పెట్టండి, క్రాస్ హైలైటింగ్ ఆపండి. సారాంశపు పట్టిక అయితే డేటాను పవర్ బీఐలోకి తెచ్చుకునే ఇంపోర్ట్ మోడే మేలు. ప్రో లైసెన్సుతో రోజుకు 8 షెడ్యూల్డ్ రిఫ్రెష్‌లు, క్వెరీ ఖర్చు ఆ 8 సార్లకే.

ఓరుగల్లు37
పవర్ బీఐ కూడా భాగమైన మైక్రోసాఫ్ట్ ఫ్యాబ్రిక్‌లో కెపాసిటీ (అద్దెకిచ్చే కంప్యూటర్ శక్తి) తీసుకున్నవాళ్లు రాత్రి పాజ్ చేసి డబ్బు మిగిలిందనుకుంటారు. రిఫ్రెష్ లాంటి వెనకపనుల భారాన్ని అది 24 గంటల మీద పరిచి లెక్కిస్తుంది. పాజ్ చేయగానే ఇంకా తీరని భారమంతా ఒక్కసారిగా బిల్లులో పడుతుంది. పెద్ద రిఫ్రెష్ అయిన వెంటనే పాజ్ నొక్కితే ఆశించినంత మిగలదు.

మీటరురీడర్
జీఎస్టీ 18 శాతం కూడా లెక్కలో కలపండి. బిల్లింగ్ ఖాతాలో కంపెనీ జీఎస్టీ నంబరు మొదటి రోజే నమోదు చేయించండి, లేకపోతే ఇన్‌పుట్ క్రెడిట్ దగ్గర అకౌంట్స్ వాళ్లు ఇబ్బంది పడతారు. బిల్లింగ్ ఎక్స్‌పోర్ట్ (ఖర్చు వివరాలు బిగ్‌క్వెరీలోకి రావడం) కూడా అదే రోజు ఆన్ చేయండి.

పెన్నేటిగట్టు
సారాంశపు పట్టికతోనే వెళ్తాను. ఒక్కటే అనుమానం. సరుకు వాపసులు 30 రోజుల దాకా వస్తాయి, పాత తేదీ అంకెలు మారతాయి. అప్పుడు రోజూ మూడేళ్లూ మళ్లీ కట్టాలా?

సాగరతీరం
అక్కర్లేదండి. గత 30 రోజులు మాత్రం మళ్లీ కట్టండి. ముందుగా అసలు పట్టికలో పాత తేదీ వరుసలను సరిదిద్దే మెర్జ్ ఆదేశాన్ని చూడండి. బిల్లు నంబరు ఒక్కటే పోల్చే మెర్జ్ మూడేళ్ల పార్టిషన్లూ చదువుతుంది. వరుసలను పోల్చే ఆన్ షరతులో బిల్లు తేదీ గత 30 రోజుల్లో ఉండాలని స్థిర విలువతో రాస్తే 30 పార్టిషన్లే చదువుతుంది. తర్వాత సారాంశం నుంచి ఆ 30 తేదీల వరుసలు తీసేసి, అసలు పట్టిక నుంచి తిరిగి చేర్చండి. దానికి కావాల్సిన ఐదు కాలమ్‌లకు రాత్రికి సుమారు 0.82 జీబీ, నెలకు 25 జీబీ లోపే.

అసలు పట్టికను రోజూ మొత్తంగా తిరగరాసే పద్ధతి ఉంటే మాత్రం వెంటనే మానేయండి. 90 రోజులు ముట్టుకోని పార్టిషన్‌కు నిల్వ ధర సగానికి పడిపోతుంది. తిరగరాసిన ప్రతిసారీ ఆ 90 రోజులు మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి.